ఫోర్స్ ఫుల్ జీఎన్ఎస్ఎస్ మెజర్‌మెంట్స్: చాలాకాలం వాడాక నా మాట

ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్ సెట్టింగ్స్‌లో దాగి ఉండే డెవలపర్ ఆప్షన్స్ మెనూ లోపల ‘ఫోర్స్ ఫుల్ జీఎన్ఎస్ఎస్ మెజర్‌మెంట్స్’ అనే స్విచ్ ఒకటి ఉంటోంది (జీఎన్ఎస్ఎస్ అంటే జీపీఎస్ లాంటి శాటిలైట్ వ్యవస్థలు). చాలామంది దాని జోలికే పోరు, పోవాల్సిన పని కూడా లేదు. నాకు మాత్రం సరిహద్దు రాళ్లు, మ్యాన్‌హోల్ మూతలు, కరెంటు స్తంభాలు ఎక్కడున్నాయో ఫోన్‌తోనే కొలిచి మ్యాపులోకి ఎక్కించే పని ఉంటుంది. అందుకని శాటిలైట్లు పంపే ఎల్1, ఎల్5 అనే రెండు ఫ్రీక్వెన్సీల సిగ్నళ్లనూ పట్టే ఫోన్‌లో దీన్ని చాలాకాలంగా వాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: స్విచ్ బంగారం. కానీ పొద్దస్తమానం వేసి ఉంచితే మధ్యాహ్నానికల్లా పవర్‌బ్యాంకు కోసం వెతుక్కోవాలి.

మామూలుగా ఫోన్‌లోని జీపీఎస్ చిప్ సెకనంతా మేలుకుని ఉండదు. సిగ్నల్ బాగా అందుతుంటే సెకనులో కొంతసేపు విని, స్థానం లెక్కగట్టి, మిగతా సేపు పడుకుంటుంది. దీన్నే డ్యూటీ సైక్లింగ్ అంటారు. క్యాబ్ పిలవడానికి, దారి చూసుకోవడానికి అది చక్కగా సరిపోతుంది, బ్యాటరీ కూడా మిగులుతుంది. చిక్కల్లా సెంటీమీటర్ల లెక్కకు దిగినప్పుడే. అక్కడ శాటిలైట్ పంపే కోడ్ ఒక్కటే చాలదు, దాన్ని మోసుకొచ్చే తరంగాన్ని కూడా కొలవాలి. ఎల్1 తరంగం పొడవు సుమారు 19 సెంటీమీటర్లు, ఎల్5ది సుమారు 25.5. ఎన్ని తరంగాలు దాటాయో చిప్ ఆపకుండా లెక్కపెడుతూ పోవాలి. బస్తాలు లెక్కపెట్టేవాడు మధ్యలో కునుకు తీస్తే లారీలోకి ఎన్ని ఎక్కాయో ఎవరు చెప్పగలరు? ఈ స్విచ్ వేస్తే చిప్‌కు ఇక నిద్ర ఉండదు. అందుకే లెక్కా తప్పిపోదు, అందుకే బ్యాటరీ కూడా దిగుతుంది.

తేడా కళ్లారా చూడాలంటే రా డేటా ఫైలు, అంటే చిప్ కొలతలను ఉన్నదున్నట్టు రాసిన ఫైలు, తెరవండి. ఆండ్రాయిడ్ 7 నుంచి ఈ కొలతలు యాప్‌ల చేతికి వస్తున్నాయి. ప్రతి శాటిలైట్‌కూ సెకనుకో వరుస, అందులో తరంగాల లెక్క ఎంత నమ్మొచ్చో చెప్పే ‘స్టేట్’ అంకె ఒకటి ఉంటాయి. ఆ అంకెలో 1 బిట్ ఉంటే కొలత చెల్లుతుంది. 2 ఉంటే లెక్క మళ్లీ మొదటికొచ్చింది. 4 ఉంటే మధ్యలో కొన్ని తరంగాలు జారిపోయాయి. స్విచ్ వేయకుండా ఫోన్‌ని బయలులో కదలకుండా పెడితే మొదట్లో అంతా బాగానే ఉంటుంది. కాసేపయ్యాక ఇక వరుస వరుసకూ రీసెట్లే. వేశాక అవే శాటిలైట్లు నిమిషాల తరబడి తెగకుండా వస్తాయి. చెట్టు కిందికి జరిగితే మళ్లీ తెగుతాయి, దానికి ఏ స్విచ్చూ ఏమీ చేయలేదు.

బ్యాటరీని ఎల్5 తినేస్తుందని చాలామంది అంటారు. అందులో కొంత నిజం ఉంది. పాత ఎల్1 కోడ్ సెకనుకు 10.23 లక్షల ముక్కలతో వస్తే, ఎల్5 కోడ్ 102.3 లక్షలతో వస్తుంది. పది రెట్లు వేగం కాబట్టి నమలాల్సిన డేటా కూడా ఎక్కువే. అయితే గోడలకు తగిలి వచ్చే దొంగ సిగ్నల్‌ని అసలు సిగ్నల్ నుంచి విడదీయగలిగేది కూడా ఆ వేగం వల్లే. చాలా చిప్‌లు ముందు ఎల్1ని పట్టుకుని, దాని ఆసరాతో ఎల్5కి వెళ్లి ఖర్చు తగ్గించుకుంటాయి. నా దృష్టిలో ఎల్5ని ఆపి బ్యాటరీ మిగుల్చుకోవాలనుకోవడం పిసినారితనం.

అసలు దొంగ స్క్రీన్. ఎండలో బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి మ్యాపు చూస్తూ కూర్చుంటే ఫోన్ కాలిపోతుంది, చార్జింగ్ కళ్లముందే దిగిపోతుంది. తర్వాతి దొంగ మొబైల్ డేటా. తన స్థానం కచ్చితంగా తెలిసిన బేస్ స్టేషన్ ఇచ్చే సవరణలను ఎన్‌ట్రిప్ (వాటిని నెట్ మీద పంపే పద్ధతి) ద్వారా అప్పటికప్పుడు తెప్పించుకుంటూ కొలిచేవాణ్ని. టవర్ సరిగ్గా అందని చోట ఆ కనెక్షన్ నిలబెట్టడానికే ఫోన్ ఆయాసపడేది. ఇప్పుడు అక్కడ రికార్డు మాత్రమే చేస్తాను. ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో ఆర్‌టీకేలిబ్ అనే సాఫ్ట్‌వేర్‌తో సవరణలు కలుపుతాను. జవాబు అక్కడికక్కడే తెలియదు, ఆ టెన్షన్ కొంత ఉంటుంది. బ్యాటరీ విషయంలో మాత్రం నాకు అన్నిటికంటే ఎక్కువ కలిసొచ్చింది ఇదే.

ఫ్లైట్ మోడ్ పెట్టేవాళ్లకు ఒక మాట. శాటిలైట్ల కక్ష్య వివరాలు నెట్ ఉంటే క్షణాల్లో వస్తాయి. నెట్ లేకపోతే శాటిలైట్ నుంచే వినాలి. జీపీఎస్‌లో అవి 30 సెకన్లకోసారి తిరిగొస్తాయి, వినడానికే 18 సెకన్లు పడుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే మధ్యలో తెగి, చిప్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ కరెంటు తాగుతుంది. అందుకే డేటా ఆన్‌లో ఉండగానే బయలులో ఫిక్స్ రానిచ్చి (అంటే ఫోన్‌కి స్థానం దొరకనిచ్చి), ఆ తర్వాతే ఫ్లైట్ మోడ్‌లోకి వెళ్తాను. ఆ వివరాలు సుమారు నాలుగు గంటలు పనికొస్తాయి.

ఇప్పుడు నా పద్ధతి ఇదీ: నడిచేటప్పుడు స్విచ్ తీసేస్తాను. ఖచ్చితంగా కొలవాల్సినవన్నీ ఒక విడతలో పెట్టుకుని, అప్పుడే వేస్తాను. ఫోన్‌ని ట్రైపాడ్ మీద పెట్టి, స్క్రీన్ ఆర్పేసి, కొన్ని నిమిషాలు వదిలేస్తాను. బయలులో అర మీటరు లోపు వస్తోంది, నా పనికి అది చాలు. సర్వే పరికరం ఇచ్చే సెంటీమీటర్లు ఫోన్ నుంచి ఆశించొద్దు. దాని చిన్న యాంటెన్నా పరావర్తనాలను వడకట్టలేదు.

విసుగు తెప్పించేవీ లేకపోలేదు. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే కొన్ని ఫోన్లు స్క్రీన్ ఆరగానే లొకేషన్ ఆపేస్తాయి. తయారీదారు సొంతంగా పెట్టిన పొదుపు యాప్ ఇంకా ఘోరం, నా రికార్డింగ్‌ని చెప్పాపెట్టకుండా చంపేసింది. కొలతలు రికార్డు చేసే లాగర్ యాప్‌ని ఆ పొదుపు యాప్ జాబితా నుంచి మినహాయించాకే కుదుటపడింది. నా పాత ఫోన్‌లో అయితే స్విచ్ వేసినా వేయకపోయినా ఒకటే, చిప్ పట్టించుకోలేదు. కొనేముందు ఆ మోడల్ రా డేటా ఫైలు ఒకటి సంపాదించి చూడండి.

ఆండ్రాయిడ్ 12 నుంచి ఫుల్ ట్రాకింగ్ కావాలని యాప్ తనే అడగొచ్చు, మెనూల్లో తవ్వక్కర్లేదు. నేను వాడే యాప్‌లో ఆ బటన్ ఇంకా రాలేదు, దాన్ని పెట్టమని యాప్ తయారుచేసినవాళ్లను అడిగి ఉంచాను. పరుగు, సైక్లింగ్ ట్రాకుల కోసమే అయితే మీకు ఏ బటనూ అక్కర్లేదు.