కెమికల్ క్యాన్లకు సగం కిరాయి అనే బ్రోకర్లతో జాగ్రత్త

జీడిమెట్ల, చర్లపల్లి, పాశమైలారం వైపు చిన్న యూనిట్లు నడుపుతూ ఓడలకు క్లీనింగ్ కెమికల్స్ పంపేవాళ్లు ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. అసలు మాట ముందే చెప్పేస్తాను. కిరాయి తగ్గిస్తానన్న బ్రోకర్‌కి ఖాళీ లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి ఇవ్వకండి. నేనిచ్చాను. ఒకటి కాదు, రెండు.

కొలంబోలో ఓడలకు సామాన్లు సప్లై చేసే ఒక పార్టీ నుంచి ఆర్డర్ వచ్చింది. ఫాస్ఫారిక్ యాసిడ్ డీస్కేలర్ (గట్టిపడ్డ పొలుసు కరిగించేది) 40 క్యాన్లు, కాస్టిక్ సోడాతో చేసే ట్యాంక్ క్లీనర్ 20 క్యాన్లు, అన్నీ 25 లీటర్లవే. కంటైనర్ నిండే సరుకు కాదు కాబట్టి ఎల్‌సీఎల్‌లో, అంటే నలుగురి సరుకుతో కలిపి పంపాలి. ఎప్పుడూ మా సరుకు పంపే ఫార్వర్డర్ (రవాణా ఏర్పాట్లు చూసే ఏజెంట్) 68 వేలు చెప్పాడు. అదే వారం బాలానగర్‌లో తెలిసినాయన ఒక కొత్త బ్రోకర్‌ని పరిచయం చేశాడు. జీడిమెట్ల గేటు నుంచి కొలంబో దాకా 39 వేలే అన్నాడు. అంత తేడా ఎట్లా అని అడిగితే, ‘మాకు షిప్పింగ్ లైన్‌తో కాంట్రాక్ట్ ఉందన్నా, మీరు టెన్షన్ పడకండి’ అన్నాడు. ఎంఎస్‌డీఎస్, అంటే కెమికల్ భద్రతా వివరాల పత్రం, పంపనా అంటే, ‘అవసరమైతే నేనే అడుగుతా’ అన్నాడు.

నేను అక్కడే ఆగాల్సింది. ఎంఎస్‌డీఎస్‌లో సెక్షన్ 14 రవాణా వివరాలది. యూఎన్ నంబర్ (ప్రమాదకర సరుకుని గుర్తించే అంతర్జాతీయ నంబర్), క్లాస్ (ఏ రకం ప్రమాదం), ప్యాకింగ్ గ్రూప్ (ఎంత ప్రమాదం, 1 ఎక్కువ, 3 తక్కువ) అందులోనే ఉంటాయి. ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావణం యూఎన్ 1805, కాస్టిక్ సోడా ద్రావణం యూఎన్ 1824, రెండూ క్లాస్ 8, అంటే తాకినదాన్ని తినేసే సరుకు. అది చూడకుండా రేటు చెప్పాడంటే ఏ సరుకుకి చెప్పినట్టు? పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. 29 వేలు మిగులుతాయనేసరికి ఇవేవీ తట్టలేదు. లెటర్‌హెడ్లు ‘ఆథరైజేషన్ కోసం’ అన్నాడు, సంతకం, స్టాంపు వేసి ఇచ్చేశాను.

పన్నెండో రోజు చెన్నై సీఎఫ్‌ఎస్ (సరుకు కంటైనర్లలోకి సర్దే గోడౌన్) నుంచి వాట్సాప్‌లో ఫొటోలు వచ్చాయి. మొదటి దాంట్లో ఒక క్యాన్ మూత దగ్గర కారి, కింద చెక్క ప్యాలెట్ తడిసి నల్లబడింది. మూత బిగింపు మా కుర్రాళ్ల పొరపాటే అయ్యుండొచ్చు, అది కాదనను. రెండో ఫొటో చూశాక కాళ్లు చల్లబడ్డాయి. మేం అతికించిన క్లాస్ 8 స్టిక్కర్ మీద నాలుగు వరసలు బ్రౌన్ టేప్ వేసి, ఆ టేప్ మీద ‘లిక్విడ్ సోప్’ అని ప్రింట్ తీసిన కాగితం అంటించారు. తడికి టేప్ ఒక మూల లేచింది. చేతి మీద యాసిడ్ చుక్క పడే బొమ్మ సగం బయటకు కనబడుతోంది. సీఎఫ్‌ఎస్‌లో సూపర్‌వైజర్ కంట పడింది ఆ సగం బొమ్మే.

ఇంకో ఘనకార్యం కూడా అప్పుడే బయటపడింది. యాసిడ్, కాస్టిక్ విడివిడిగా పెడితే మూడు ప్యాలెట్లు కావాలి. ఆ బ్రోకర్ కలిపేసి రెండింట్లో సర్దాడు. ఆ రెండింటినీ ఎడంగా ఉంచాలన్నది సముద్ర రవాణాకు వర్తించే ఐఎండీజీ కోడ్‌లో మూల నియమం. మినహాయింపులున్నా వాటికీ కాగితం ఉండాలి. మా కాగితమేమో ‘సరుకు ప్రమాదకరం కాదు’ అంటోంది. నేను ఖాళీగా ఇచ్చినదాని మీదే అలా రాశారు. అది నా లెటర్‌హెడ్, నా స్టాంపు, నా సంతకం.

బ్రోకర్ పేరు ఎక్కడా లేదు. షిప్పర్, అంటే సరుకు పంపేవాణ్ని, నేను, డిక్లరేషన్ నాది. గోడౌన్ అద్దె, రీప్యాకింగ్, పక్కవాళ్ల సరుకు దించి ఎక్కించిన కూలీ, పెనాల్టీ, వెనక్కి తెచ్చిన లారీ కిరాయి అన్నీ కలిపి 1,52,000 కట్టాను. ఆర్డర్ పోయింది. ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ చూడను కూడా చూడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్నది 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలోనే ఉంది, వాళ్లనేం అంటాం? అది సముద్రం మీద కారకపోవడం నా అదృష్టం. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడలో నైట్రిక్ యాసిడ్ కారడం, ఆ ఓడ తగలబడి మునిగిపోవడం మనలో చాలామంది టీవీలో చూశాం. తప్పుడు డిక్లరేషన్‌కి కంటైనర్‌కి 15,000 డాలర్ల పెనాల్టీ అని ఒక పెద్ద జర్మన్ లైన్ 2019లోనే ప్రకటించింది.

తర్వాత కొటేషన్ మళ్లీ తీసి చూశాను. కింద చిన్న అక్షరాల్లో ‘డెస్టినేషన్ చార్జీలు కన్‌సైనీ భరించాలి’ అని ఉంది. కన్‌సైనీ అంటే సరుకు అందుకునేవాళ్లు. సరుకు చేరినా మిగతా కిరాయి మా పార్టీ దగ్గర గుంజేవాళ్లన్నమాట.

కిరాయి తగ్గించుకోవడానికి సరైన దారులు లేక కాదు. మనం మోసేదాంట్లో సగానికి పైగా నీళ్లే. ఇప్పుడు కాన్సంట్రేట్ చేసి పంపుతున్నాను, ఓడలోనే కలుపుకుంటారు. కాన్సంట్రేషన్ మారితే ప్యాకింగ్ గ్రూప్ మారొచ్చు కాబట్టి ఎంఎస్‌డీఎస్ కొత్తది రాయించాలి. కొన్ని పార్టీలకు డీస్కేలర్ బదులు సల్ఫామిక్ యాసిడ్ పొడి ఇస్తున్నాను. అదీ క్లాస్ 8నే, యూఎన్ 2967, కానీ నీళ్లకి కిరాయి కట్టక్కర్లేదు. ఎల్‌సీఎల్‌లో ఒక సీబీఎం (ఘనపు మీటరు) లేదా వెయ్యి కిలోలు, ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. మా క్యాన్లు ప్యాలెట్‌కి రెండు వరసల్లో 32 పడతాయి. 40 అంటే ఆ ఎనిమిదింటి కోసం ఇంకో ప్యాలెట్ కిరాయి. అందుకే పార్టీలతో మాట్లాడి ఆర్డర్లు 32, 64 లెక్కన తీసుకుంటున్నాను. చిన్న ఆర్డర్లయితే, ప్యాకింగ్ గ్రూప్ 3లో ఉన్న ఫాస్ఫారిక్ యాసిడ్‌ని 5 లీటర్ల క్యాన్లలో పోసి, పెట్టె 30 కిలోలు దాటకుండా కడితే లిమిటెడ్ క్వాంటిటీ (చిన్న ప్యాకింగ్‌లకిచ్చే సడలింపు) కింద పంపొచ్చు. యూఎన్ మార్కు క్యాన్ల (ప్రమాదకర సరుకు కోసం పరీక్షించినవి) ఖర్చు తప్పుతుంది, డిక్లరేషన్ మాత్రం తప్పదు. యూఎన్ మార్కు ప్లాస్టిక్ క్యాన్లు వాడేవాళ్లు తయారీ తేదీ చూసుకోండి, ఐదేళ్లు దాటితే ఈ సరుకుకి పనికిరావు. పాత స్టాక్ చవగ్గా వస్తోందని నేనూ ఒకసారి కొన్నాను, అది వేరే కథ.

వెనక్కొచ్చిన క్యాన్లు షెడ్‌లోనే ఉన్నాయి, స్టిక్కర్ల మీద టేప్ జిగురు ఇంకా పోలేదు. ఆ బ్రోకర్ నిన్న మళ్లీ మెసేజ్ పెట్టాడు, ‘అన్నా, దుబాయ్ జెబెల్ అలీకి స్పెషల్ రేట్, క్లీనింగ్ లిక్విడ్ అయినా ఓకే’ అని. ఇలాంటి మెసేజ్ మీకూ వచ్చి ఉంటే, ముందు సెక్షన్ 14 పంపి, దాన్ని చూశాక కూడా అదే రేటు రాతపూర్వకంగా ఇస్తాడేమో అడగండి.