మూడేళ్ల వాడకం తర్వాత మా టీవీ: మెనూ అడుగున దాగిన ఒక పేజీ

ఈ టీవీ కొని మూడేళ్లు దాటింది. తెర కొలత, రంగులు, పోర్టుల సంఖ్య వంటివి దాని అట్టపెట్టె మీదే అచ్చేసి ఉంటాయి కనుక వాటి జోలికి పోవడం లేదు. ఇన్నాళ్లలో దీని మీద నాకు అభిమానం కలిగించింది ఏ ప్రకటనలోనూ కనబడని ‘సిగ్నల్ సమాచారం’ అనే పేజీ. అది లేకపోతే మొదటి నెలలోనే ఈ టీవీని వెనక్కి ఇచ్చేసి, ట్యూనర్ చెడిపోయిన సరుకు అంటగట్టారని అందరికీ చెప్పుకుంటూ తిరిగేవాడిని.

మేము ఎక్కువగా చూసేవి డిష్ ద్వారా ఉచితంగా వచ్చే ఛానెళ్లే. అందుకే సెట్‌టాప్ బాక్స్‌నూ దాని రెండో రిమోట్‌నూ వదిలించుకోవాలన్న ఒక్క ఆశతో, డిష్ సిగ్నల్‌ను నేరుగా అందుకునే డీవీబీ-ఎస్2 ట్యూనర్ లోపలే ఉన్న మోడల్‌ను వెతికి కొన్నాను. టీవీలో ట్యూనర్ ఉందని రాసినంత మాత్రాన అది డిష్‌కు పనికొస్తుందని అనుకోకూడదు. చాలా మోడళ్లలో మామూలు యాంటెన్నాకూ కేబుల్‌కూ పనికొచ్చే టీ2, సీ రకాలు మాత్రమే ఉంటాయి. ఆ ఎస్2 అన్న రెండక్షరాలను సరిచూసుకున్నాను గానీ ఇంట్లో ఉన్న కేబుల్‌ను సరిచూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. పాత బాక్సుతో ఏళ్ల తరబడి బొమ్మ చక్కగా వచ్చిన ఇంట్లో ఆ ఆలోచన ఎవరికైనా ఎందుకు వస్తుంది?

మొదటి వారం అంతా బాగానే ఉంది. తర్వాత ఉదయం వేళల్లో కొన్ని ఛానెళ్లు గళ్లు గళ్లుగా పగిలి, ఆపైన ‘సిగ్నల్ లేదు’ అని నిలిచిపోవడం మొదలైంది. అదే సమయంలో మిగతా ఛానెళ్లు అద్దంలా వచ్చేవి, మధ్యాహ్నానికి పోయినవీ తిరిగొచ్చేవి. వాన పడితే డిష్ సిగ్నల్ తగ్గడం తెలిసిన విషయమే, కానీ ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్న రోజుల్లోనే ఈ తంతు జరిగేది. చూడటానికి వచ్చిన మెకానిక్ డిష్ గొడుగును కొంచెం అటూ ఇటూ తిప్పి, దాని ముందు ఉండి తరంగాలను అందుకునే ఎల్ఎన్‌బీ అనే పరికరాన్ని మార్చి, చివరికి పాత బాక్సును తగిలించి అన్ని ఛానెళ్లూ చూపించి, లోపం టీవీదేనని తీర్పు చెప్పి వెళ్లాడు. కళ్లెదుట అంత సాక్ష్యం కనబడుతుంటే నేనూ నమ్మాను.

వెనక్కి ఇచ్చే ముందు మెనూ అంతా గాలిస్తుండగా ఆ పేజీ దొరికింది. అందులో సిగ్నల్ బలం, సిగ్నల్ నాణ్యత అని రెండు అంకెలు, వాటి కింద ఆ ఛానెల్ వచ్చే ఫ్రీక్వెన్సీ, దాని పక్కన హెచ్ లేదా వీ అన్న అక్షరం ఉన్నాయి. ఛానెల్ పోయినప్పుడు కూడా బలం 80 దగ్గరే నిలకడగా ఉంది, నాణ్యత మాత్రం సున్నా. ఒక ఉదయం కాగితం, పెన్ను పట్టుకుని పోయిన ఛానెళ్లన్నిటినీ వరుసగా రాసుకుంటే, ప్రతి ఒక్క దాని పక్కనా హెచ్ అనే ఉంది. వీ అన్న ఛానెళ్లలో ఒక్కటి కూడా పోలేదు.

ఆ అక్షరంలోనే గుట్టంతా ఉంది. ఉపగ్రహం నుంచి తరంగాలు నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని వస్తాయి; వీ అంటే నిలువు, హెచ్ అంటే అడ్డం. ఏవి కావాలో ఎల్ఎన్‌బీకి చెప్పడానికి ట్యూనర్ అదే కేబుల్ మీదుగా విద్యుత్తు పంపుతుంది, నిలువు వాటికి 13 వోల్టులు, అడ్డం వాటికి 18. దారిలో ఆ 18 కాస్తా తగ్గిపోతే ఎల్ఎన్‌బీ నిలువు వాటినే పంపుతూ ఉంటుంది. తరంగాలు వస్తూనే ఉన్నాయి కనుక బలం తగ్గదు, కావలసినవి రావు కనుక నాణ్యత ఉండదు. మెకానిక్ తిప్పిన గొడుగుకూ ఈ వ్యవహారానికీ ఎటువంటి సంబంధమూ లేదు.

ఇక్కడ నేనూ ఒక తప్పు చేశాను. మల్టీమీటరు తీసుకుని పైకెక్కి, కేబుల్‌ను ఎల్ఎన్‌బీ నుంచి విప్పి కొలిస్తే నిండుగా 18 చూపించింది. కేబుల్ నిర్దోషి అని తేల్చేసి మళ్లీ రెండు రోజులు టీవీని తిట్టుకున్నాను. కేబుల్ చివర విప్పేస్తే కరెంటు ప్రవహించదు, కరెంటు ప్రవహించనిదే వోల్టేజీ పడిపోదు. ఈ సంగతి తట్టాక, మధ్యలో టీ ఆకారపు కనెక్టర్ పెట్టి, ఎల్ఎన్‌బీ పనిచేస్తుండగానే కొలిచాను. అప్పుడు కనిపించింది 14 చిల్లర. ఎప్పుడో కేబుల్ చాలక రెండు ముక్కలను అతికించి టేపు చుట్టిన చోట విప్పి చూస్తే, లోపలి తీగ పచ్చగా చిలుమెక్కి ఉంది. రాత్రి మంచు తేమ అందులో చేరితే ఉదయం వోల్టేజీ పడిపోయేది, ఎండకు ఆరితే కోలుకునేది. దానికి తోడు ఆ తీగకు అయస్కాంతం అంటుకుంది, అంటే అది పైన రాగిపూత ఉన్న ఉక్కు మాత్రమే. పొడవైన కేబుళ్ల కోసం ఒక వోల్టు కలిపి పంపే ఏర్పాటు కొన్ని సెట్‌టాప్ బాక్సుల్లో ఉంటుంది. మా పాత బాక్సు మెనూ తెరిచి చూస్తే అది ఆన్ చేసి ఉంది. ఇన్నేళ్లూ బండి ఆ ఒక్క వోల్టు మీదే నడిచిందన్నమాట.

అతుకు లేకుండా 28 మీటర్ల అసలు రాగి కేబుల్ వేయించాక మళ్లీ కొలిస్తే 17 పైనే ఉంది. పోయిన ఛానెళ్ల నాణ్యత అంకె 66కు వచ్చి నిలబడింది, నేటికీ దాదాపు అక్కడే ఉంది.

అయితే ఆ పేజీని నెత్తిన పెట్టుకోవలసినంత గొప్పగా కూడా తయారుచేయలేదు. మొదట్లో మూడు మెట్లు దిగితే వచ్చేది కాస్తా, రెండో ఏడాది సాఫ్ట్‌వేర్ మారాక ఐదు మెట్ల కిందికి పోయింది. నిమిషం కాగానే దానంతటదే మూసుకుంటుంది కనుక, పైన గొడుగు దగ్గర నేను, కింద ఫోనులో అంకెలు చదువుతూ ఇంటివాళ్లు, మధ్యమధ్యలో “పేజీ పోయింది, ఆగండి” అన్న కేకలు తప్పలేదు. అందులోని 66 ఈ టీవీ సొంత లెక్క మాత్రమే. ఇదే కేబుల్‌ను పాత బాక్సుకు తగిలిస్తే 90 చూపుతుంది, బొమ్మలో మాత్రం తేడా లేదు. ఆ అంకెను మరో టీవీతో పోల్చడం వృథా, నిన్నటి అంకెతో ఇవాళ్టి అంకెను పోల్చుకుంటేనే అది పనికొస్తుంది.

తెర గురించి ఒక్క మాట. ఉచిత ఛానెళ్లలో చాలావరకు 720×576 చుక్కల బొమ్మలే. వాటిని 3840×2160 తెర మీద పరిస్తే, పాత చిన్న టీవీలో కనబడని మరకలన్నీ పైకి తేలతాయి. కొన్న కొత్తలో ఈ బొమ్మను చాలా మెచ్చుకున్నాను, కానీ ఆ మెప్పు సిగ్నల్‌తో పనిలేని సినిమాలకే చెల్లుతుంది.

మళ్లీ కొనవలసి వస్తే ఇదే కొంటానా అంటే, నాలాగా పొడవాటి కేబుల్, ఉచిత ఛానెళ్లు, నిచ్చెన ఎక్కే ఓపిక ఉన్నంతకాలం కొంటాను. మా చెల్లెలు వాళ్లు చందా ఛానెళ్లు చూస్తారు. అవి ఎలాగూ బాక్సు లేనిదే రావు కనుక ఈ ట్యూనర్ వాళ్లింట్లో ఊరికే పడి ఉంటుంది. మొన్న అడిగితే ఈ మోడల్ వద్దనే చెప్పి, ముందు గోడ వెనక కేబుల్‌కు అతుకులెన్ని ఉన్నాయో చూసుకోమన్నాను. రెండు ఉన్నాయట.