బెలుం చెమట, బిలస్వర్గం ఎముకలు, జ్వాలాపురం బూడిద

కర్నూలు వైపు వచ్చేవారి జాబితా దాదాపు ఒకేలా ఉంటుంది: కొండారెడ్డి బురుజు, ఓర్వకల్లు రాళ్లు, బెలుం గుహలు, యాగంటి, ఓపిక మిగిలితే మహానంది. మా జాబితా కొంచెం వేరు. ఇంటర్ బైపీసీ చదువుతున్న మా మేనకోడలికి మానవ పరిణామం పాఠం నడుస్తోంది. పుస్తకంలో ఆ కథ ఎక్కువగా ఆఫ్రికాలోనూ యూరప్‌లోనూ సాగుతుంది. బనగానపల్లె పేరు అందులో ఎక్కడా కనబడలేదని ఆ అమ్మాయికి కోపం. అందుకని ఆదిమానవుడి ఆనవాళ్లున్న చోట్లనే వరసగా పెట్టుకుని, కారు మాట్లాడుకుని బయలుదేరాం.

2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడ్డాక వీటిలో చాలావరకు అటు వెళ్లాయి. అయినా పురావస్తు పరిశోధకులకు ఇవి నేటికీ కర్నూలు గుహలే. ఇక్కడి సున్నపురాయి పొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కూడా కర్నూలే. దాన్ని ఏ జీవో మార్చలేదు.

సౌకర్యాల్లో బెలుంకు పోటీ లేదు. కార్లు నిలిపే స్థలం, టికెట్టు, గైడు, లోపల రంగు దీపాలు, గాలి ఆడేందుకు ఏర్పాట్లు, అన్నీ ఉన్నాయి. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ గుహల గురించి రాశారు. తరువాత దాదాపు వందేళ్లకు, 1982, 83లలో డేనియల్ గెబావర్ నాయకత్వంలో వచ్చిన జర్మన్ బృందం కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో మనల్ని నడవనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. గైడు ఓపికగా తిప్పాడు. కానీ ఆయన చెప్పేదంతా ఏ రాయిలో ఏ ఆకారం కనబడుతుందన్నదే. ఇది సింహం, అవి మర్రి ఊడలు, ఇవి కోటిలింగాలు. ఇక్కడ మనుషులెవరైనా ఉండేవారా అని అడిగితే బౌద్ధ భిక్షువుల దగ్గర ఆగిపోయాడు. క్రీస్తుకు ముందు 4,500 ఏళ్ల నాటివని చెప్పే కుండ పెంకులు దొరికిన చోటు ఇది. వాటి ఊసు రాలేదు.

అయితే బెలుంలో పరిణామ పాఠం మరో రకంగా దొరికింది. లోపలికి పోయేకొద్దీ ఉక్క, ఒళ్లంతా చెమట. మనిషి చర్మంలో ఇరవై నుంచి నలభై లక్షల స్వేదగ్రంథులు ఉంటాయి. దట్టమైన బొచ్చు తగ్గి, చెమట పట్టి, అది ఆవిరై ఒళ్లు చల్లబడడం వల్లే మన పూర్వీకులు మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా మైళ్లకు మైళ్లు తిరగగలిగారు. కానీ గాలిలో తేమ నిండితే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మైదానం కోసం తయారైన ఏర్పాటు గుహలో పనికిరాకుండా పోయింది. దానికితోడు కొన్నిచోట్ల వంగి నడవాలి. గుహ లోపలి పాతాళగంగ నుంచి వెనక్కి వచ్చేసరికి నా నడుము పట్టేసింది. "పుట్టినప్పుడు వెన్నెముక ఒకే వంపుతో ఉంటుంది మామా. మెడ నిలిపేటప్పుడు మెడ వంపు, నిలబడి నడిచేటప్పుడు నడుము వంపు గట్టిపడతాయి. ఇప్పుడు నొప్పి పుడుతున్నది ఆ రెండోదే" అని మేనకోడలు అక్కడే పాఠం అప్పజెప్పింది. నడుము నొప్పి ఉన్నవారు, ఉక్కపోత పడనివారు సగం దాకా చూసి వెనక్కి వచ్చేయవచ్చు. మిగిలిన సగం చూడకపోతే కొత్తగా పోయేది ఏమీ లేదు.

బిలస్వర్గం గుహలు బేతంచెర్లకు దగ్గరలో, కొట్టాల ఊరి పక్కన ఉన్నాయి. దారి పొడవునా నాపరాళ్ల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, తెల్లటి దుమ్ము. బెలుం చూసి వచ్చినవారికి ఇవి మొదట చప్పగా అనిపిస్తాయి. కప్పు కూలిపోయి ఆకాశం కనబడే పెద్ద లోయలాంటి చోటు, దాని గోడల్లో గుహల నోళ్లు, తలపైన గబ్బిలాలు. కానీ నాకు బెలుం కంటే ఇదే నచ్చింది. ఫూట్, ఆయన కొడుకు హెన్రీ ఇక్కడ తవ్వి బస్తాలకొద్దీ ఎముకలు తీశారు. అందులో ఖడ్గమృగం ఎముకలూ ఉన్నాయి. చెక్కి పనిముట్లుగా మలిచిన ఎముకలు కూడా దొరికాయని ఫూట్ రాస్తే చాలామంది అనుమానపడ్డారు. 1970లలో పురావస్తు పరిశోధకుడు ఎం.ఎల్.కె. మూర్తి ఈ ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవి అనే గుహను తవ్వినప్పుడు ఎముక పనిముట్లు, సుమారు 17 వేల ఏళ్ల నాటి నిప్పుగూడు బయటపడ్డాయి. ముసలాయన మాట నిలబడింది.

బిలస్వర్గం ఎముకల మీద 2014లో వచ్చిన అధ్యయనం సంగతి కారులో మాట్లాడుకున్నాం. రెండు లక్షల ఏళ్ల పొరల్లో గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 భారత ఉపఖండంలో నేటిదాకా నిలిచాయి. మనిషి అడుగుపెట్టాక ఆస్ట్రేలియాలో, అమెరికాల్లో పెద్ద జంతువులు మూకుమ్మడిగా అంతరించాయి. ఇక్కడ అలా జరగలేదు. అడవి, గడ్డిమైదానం, ఏటి ఒడ్డు ఒకదానికొకటి ఆనుకుని ఉండడంతో, ఒకచోట గడవకపోతే మరోచోటికి పోయే వీలు వాటికి ఉండేదని పరిశోధకుల వివరణ. ఆ గుహ నోట్లో నిలబడి ఒకప్పుడు ఇక్కడ ఖడ్గమృగం మేసిందని అనుకోవడానికి టికెట్టుతో పనిలేదు. గైడు మాత్రం అవసరమే. ఊళ్లో తెలిసినవారిని వెంట తీసుకెళ్లండి. టార్చి, మూసిన చెప్పులు తప్పనిసరి. ఆడవాళ్లకు ఇబ్బంది లేకుండా బేతంచెర్లలోనే అన్నీ చూసుకుని బయలుదేరడం మంచిది.

ఇక బనగానపల్లె దగ్గరి జ్వాలాపురం. యాగంటికి వచ్చే వేల మందిలో పట్టుమని పదిమంది అయినా ఇటు తిరుగుతారా అని నా సందేహం. జుర్రేరు లోయలో పొలాల మధ్య, తవ్విన గుంటల గోడల్లో తెల్లగా, బూడిద రంగులో ఒక పొర కనబడుతుంది. సుమారు 74 వేల ఏళ్ల క్రితం సుమత్రాలో టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి వచ్చి పడిన బూడిద అది. వానలకు కొట్టుకువచ్చి లోయలో పేరుకుని, కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించింది. వేళ్ల మధ్య నలిపితే సన్నగా గరగరలాడుతుంది, ఎందుకంటే అది నిజానికి గాజు నలుసులు. ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. "అంట్లు తోమే పొడికి దీన్ని తవ్వి పట్టుకుపోయేవాళ్లమ్మా" అన్నాడు. ఎక్కడి నుంచి వచ్చిందో మేనకోడలు చెబితే మర్యాదగా విన్నాడు, నమ్మలేదు.

టోబా పేలుడుతో భూమి చల్లబడి, మానవజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయే స్థితికి వచ్చిందని ఒక వాదం ఉండేది. పురావస్తు పరిశోధకులు మైకేల్ పెట్రాలియా, రవి కోరిశెట్టర్ల బృందం ఇక్కడ తవ్వి 2007లో ప్రకటించిన ఫలితం దానికి ఎదురు నిలిచింది. బూడిద కింద రాతి పనిముట్లు ఉన్నాయి, బూడిద పైనా ఉన్నాయి, రెండింటి తయారీలో పెద్ద తేడా లేదు. అంటే బూడిద పడ్డాక కూడా ఇక్కడివాళ్లు అదే పద్ధతిలో రాయి కొడుతూ బతికారు. వాళ్లు మనలాంటి హోమో సేపియన్లేనని ఆ బృందం మొగ్గు. ఆధునిక మానవుడు ఇక్కడికి వచ్చింది ఆ తరువాతేనని, అంతకుముందువి వేరే మానవజాతి పనిముట్లు కావచ్చని బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త పాల్ మెల్లర్స్ లాంటివారి అభ్యంతరం.

"ఎముక లేకుండా ఎవరని ఎలా తేలుస్తారు మామా?" అని అడిగింది. అసలు చిక్కు అదే. ఆ పొరల్లో మనిషి ఎముక దొరకలేదు. బిలస్వర్గంలో సున్నపురాయి ఎముకలను కాపాడింది, ఆరుబయట నేలలో ఎముక అంత తేలిగ్గా మిగలదు. రాయి మాత్రం మిగులుతుంది, కానీ కొట్టిన చెయ్యి ఎవరిదో రాయి చెప్పదు. కాబట్టి 74 వేల ఏళ్ల క్రితమే మన పూర్వీకులు ఇక్కడ ఉన్నారని వార్తల్లో ఘంటాపథంగా రాసేస్తే నేను ఒప్పుకోను. ఎవరో ఉన్నారు, చితికిపోలేదు. అంతవరకే. అదే లోయలో ఒక రాతి చాటున 35 వేల ఏళ్ల నాటి నుంచి సూక్ష్మ రాతి పనిముట్లు వరసగా దొరికాయి. 12 నుంచి 20 వేల ఏళ్ల నాటి మనిషి ఎముకల ముక్కలూ, పూసలూ ఉన్నాయి. వాళ్ల గురించి తగాదా లేదు.

జ్వాలాపురంలో సందర్శకుల కోసం మాకు కనబడిన ఏర్పాటు ఏదీ లేదు. నీళ్లు వెంట తీసుకెళ్లాలి, పొలం వారిని అడిగి దిగాలి. రాతి ముక్క ఒక్కటి కూడా జేబులో వేసుకోవద్దు. ఏ పొరలో, ఏ చోట ఉందన్నది పోతే ఆ రాయి ఉత్త రాయే. ముందే కాస్త చదువుకుని వెళితే ఈ యాత్ర మొత్తానికి విలువైన చోటు ఇదే. చదవకుండా వెళితే బూడిద గుంట చూసి వచ్చామంటారు, అదీ నిజమే.

ఓర్వకల్లు మండలంలోని కేతవరం రాతి చిత్రాలు కూడా చూశాం. ఎర్ర రంగు బొమ్మలు బాగున్నాయి, కానీ ఎండెక్కాక ఆ రాళ్ల మీద ఎక్కడం శిక్ష. ఉదయం ఎనిమిదిలోపే అక్కడ ఉండాలి.

బస విషయానికి వస్తే, బనగానపల్లెలో మేము దిగిన లాడ్జిలో వేడినీళ్లు ఇస్తామన్నారు. తెల్లవారి అడిగితే మోటారు కాలిపోయిందన్నారు, బిల్లులో మాత్రం తగ్గించలేదు. యాగంటి సత్రాలు చవక, శుభ్రం ఫర్వాలేదు, శివరాత్రి, కార్తిక సోమవారాల్లో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. నా ఓటు నంద్యాలకే. గదులు మెరుగు, తిండి మెరుగు, బేతంచెర్లకు రైలూ ఉంది. ఉదయం ఉగ్గాని బజ్జీ తిని బయలుదేరితే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. బనగానపల్లె మామిడి కోసం ఎండాకాలంలో రావాలనుకుంటే గుహల ఆశ వదులుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే వీటికి అనువైన కాలం. కారు మాట్లాడుకునేటప్పుడు యాగంటి, బెలుం అని మాత్రమే చెప్పకండి. కొట్టాల, జ్వాలాపురం పేర్లు కూడా ముందే చెప్పి బాడుగ ఖాయం చేసుకోండి. లేకపోతే ప్రతి మలుపులో రేటు పెరుగుతుంది.