మెడగుడ్డ టోపీ, జింక్ సన్‌స్క్రీన్: నర్సరీ పిల్లకు ఏది ఎంత పనికొచ్చింది

మా అమ్మాయి నర్సరీలో చేరినప్పటి నుంచీ ఈ రెండూ వాడుతున్నాం. ఒకటి, వెనక మెడ మీదికి గుడ్డ వేలాడే యూపీఎఫ్ 50+ టోపీ. రెండోది జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ (చర్మాన్ని ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 50. రెండిట్లో ఒకటే కొంటామంటే టోపీయే కొనమంటాను.

సన్‌స్క్రీన్‌ను రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఇంట్లో అయితే సరే. గదినిండా పిల్లలు, ఒక టీచరు, ఒక ఆయా ఉన్నచోట, ఆటకు వదిలే ముందు ఒక్కొక్కరి ముక్కూ చెవులూ పట్టుకుని రాయడం అయ్యే పనేనా? పొద్దున నేను రాసి పంపింది ఆట వేళకి చెమటకీ, చొక్కా చేతికీ పోతుంది. టోపీకి ఆ బాధ లేదు, నెత్తిన ఉన్నంతసేపూ పనిచేస్తుంది. యూపీఎఫ్ 50 అంటే గుడ్డ మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతు మాత్రమే లోపలికి దిగుతుందని అర్థం.

మామూలు క్యాప్ ఎందుకు చాలదో ఇసుకలో ఆడుతున్న పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. తల వంచుకుని తవ్వుతూ కూర్చుంటారు, ఎండంతా మెడ వెనకా చెవుల అంచుల మీదా పడుతుంది. క్యాప్ అంచు ముందుకే కదా! ఈ మెడగుడ్డ సరిగ్గా అక్కడే కప్పుతుంది.

లోపాలూ ఉన్నాయి. వాషింగ్ మెషీన్‌లో వేశాక ముందు అంచు వంకర తిరిగింది, ఇక చేత్తోనే ఉతుకుతున్నాం. గడ్డం కింద ముడి వేసే తాడు ఉన్నవి వద్దు, జారుడుబల్ల దగ్గర ఎక్కడైనా తగులుకుంటే ప్రమాదం. లాగితే ఊడిపోయే వెల్క్రో పట్టీ ఉన్నది చూసుకోండి. మొదట్లో పిల్ల దాన్ని పీకి పారేసేది. ఆస్ట్రేలియా బడుల్లో 'టోపీ లేకపోతే ఆట లేదు' అనే నియమం మామూలే. మా టీచరు దాన్ని కొంచెం మెత్తబరిచి, టోపీ లేనివాళ్లు నీడలోనే ఆడాలన్నారు. ఆ తర్వాత నాకు పోరు తప్పింది.

టోపీ ఉంది కదాని ముఖాన్ని వదిలేయకూడదు. పొడి ఇసుక మీద పడిన అతినీలలోహితంలో దాదాపు 15 శాతం తిరిగి పైకి లేస్తుంది. పలుచటి మబ్బు కూడా దాన్ని పెద్దగా ఆపదు. అందుకే యూవీ సూచీ (ఎండలో అతినీలలోహితం ఎంత తీవ్రంగా ఉందో చెప్పే అంకె) 3కి చేరితే ముఖానికీ చేతులకీ పిక్కలకీ రాస్తాను. ఈ జింక్‌ది మాత్రం మందం, తెల్లగా పూత పూసినట్టు ఉంటుంది, యూనిఫాం కాలరుకు అంటుకుంటుంది. కళ్లలోకి కారినా మంట పెట్టదు, దానికే మార్కులు. ఎండలో ఉన్న బ్యాగులో వదిలేస్తే ట్యూబులో నీరూ ముద్దా విడిపోతాయి, అలా అయినదాన్ని పారేయడమే.

అంకెల వెంట పడకండి. సరిపడా రాస్తే ఎస్‌పీఎఫ్ 30 యూవీబీలో (చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాల్లో) 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. మనం రాసేది ఆ సరిపడా మోతాదులో సగమో పావో, తేడా అంతా అక్కడే వస్తుంది. స్ప్రే రకాల జోలికి నేను పోలేదు, పిల్లలు పీల్చేస్తారు. ఇంట్లో ఆరు నెలల్లోపు బిడ్డ ఉంటే సన్‌స్క్రీన్ కాదు, నీడే.

టోపీ పాతదై పట్టీ వదులైతే మళ్లీ అదే రకం, ఒక సైజు పెద్దది తెచ్చాం. సన్‌స్క్రీన్ మాత్రం ఈ ట్యూబు అయిపోగానే కాస్త పలుచగా ఉండేదానికి మారుస్తాను.