డీఏఆర్ స్టేట్ కాన్ఫరెన్స్‌కి గెస్టులుగా వెళ్ళొచ్చాం, ఎలా ఉందంటే

డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ అని ఇక్కడ అమెరికాలో ఆడవాళ్ళ సొసైటీ ఒకటుంది, అందరూ డీఏఆర్ అనే అంటారు. నేను వాళ్ళని మొదటిసారి చూసింది సిటిజన్‌షిప్ ఓత్ తీసుకున్న రోజు. హాలు బయట టేబుల్ దగ్గర ఇద్దరు పెద్దావిడలు నించుని వచ్చినవాళ్ళందరికీ చిన్న జెండా చేతికిచ్చి పలకరిస్తున్నారు, నాకూ ఒకటిచ్చారు, ఆ జెండా ఇప్పటికీ మా దేవుడి గూట్లోనే ఉంది. ఈ ఏడు మా అమ్మాయి సెవెన్త్ గ్రేడ్‌లో వాళ్ళ హిస్టరీ ఎస్సే కాంటెస్ట్‌కి రాస్తే ముందు చాప్టర్‌లో, అంటే మా ఊళ్ళో ఉన్న వాళ్ళ శాఖలో, తర్వాత స్టేట్‌లో కూడా ఫస్ట్ వచ్చింది, దాంతో స్టేట్ కాన్ఫరెన్స్‌లో అవార్డ్స్ లంచ్‌కి రమ్మని పిలిచారు. మూడు రోజుల కాన్ఫరెన్స్‌లో మేం శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా ఉన్నాం. మనవాళ్ళ పిల్లలు ఇలాంటివి బాగా రాస్తున్నారు కదా, రేపు మీకూ పిలుపు రావచ్చు, అందుకే రాస్తున్నా.

ముందు వీళ్ళెవరో చెప్పాలి. 1889లో మగవాళ్ళు సన్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ అని ఒక సొసైటీ పెట్టుకుని మరుసటి ఏడు ఆడవాళ్ళని చేర్చుకోం అన్నారు, అదే ఏడు, 1890 అక్టోబర్ 11న, ఆడవాళ్ళు వాషింగ్టన్‌లో సొంతంగా దీన్ని మొదలుపెట్టారు. అప్పటి ప్రెసిడెంట్ బెంజమిన్ హారిసన్ గారి భార్య కెరొలైన్ హారిసన్ మొదటి అధ్యక్షురాలు. 18 ఏళ్ళు నిండి, అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి సాయం చేసిన మనిషి వంశంలో నేరుగా పుట్టినట్టు కాగితాలతో రుజువు చేసుకుంటే మెంబర్‌షిప్. యుద్ధం చేసుండాలనేం లేదు, సైన్యానికి ధాన్యమో పశువులో ఇచ్చినా లెక్కే. తరం తరానికీ బర్త్, మ్యారేజ్, డెత్ రికార్డులు చూపించాలి.

ఇందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఆ లైన్ అమ్మ వైపు నుంచి పోయినా నాన్న వైపు నుంచి పోయినా ఒకటే, అమ్మమ్మ వాళ్ళ నాన్న, ఆయన అమ్మ, ఆవిడ తాతయ్య, అలా ఎటు తిరిగినా సరే. మనకి గోత్రం అంటే నాన్న వైపే, కాశీకో గయకో వెళ్తే పండాల దగ్గర పాత పుస్తకాల్లో తాతముత్తాతల పేర్లుంటాయి గానీ వాటిలో మా అమ్మమ్మ వాళ్ళమ్మ పేరు వెతికితే దొరుకుతుందా. ఇక్కడ మా టేబుల్‌లో కూర్చున్న డెబ్బై దాటిన ఆవిడ ఏడు తరాల ఆడవాళ్ళ పుట్టింటి పేర్లు గడగడా చెప్పేసరికి నేను తినడం మానేసి విన్నాను.

మెంబర్లందరికీ ఎడమవైపు గుండె మీద రిబ్బన్, దానికి వరసగా పిన్నులు, పూర్వీకుల పేర్లు చెక్కిన చిన్న బార్లు కూడా ఉంటాయి. మెయిన్ పిన్ను మీద బొమ్మేంటో తెలుసా, రాట్నం! రాట్నం, దానికి అడ్డంగా నార చుట్టే కర్ర, చుట్టూ 13 నక్షత్రాలు, అప్పటి 13 బ్రిటిష్ కాలనీలకి గుర్తు. నేను ఆ రోజు మా శ్రీకాకుళం నుంచి అమ్మ పంపిన పొందూరు ఖద్దరు చీర కట్టుకున్నా. ఆ పెద్దావిడ చీర ముట్టుకుని ఇది చేత్తో వడికిందా అని అడిగింది, అంతే, ఇద్దరం అరగంట మాట్లాడుకున్నాం. పొందూరులో ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, ఏకులు చేసి రాట్నం మీద సన్న నూలు తీస్తారని చెప్తే ఆవిడ నోరు తెరిచి విన్నది. ఆవిడేమో 1760ల్లో బ్రిటిష్ పన్నుల మీద కోపంతో ఇక్కడి ఆడవాళ్ళు ఇంగ్లండ్ బట్ట కొనడం మానేసి, ఒకచోట చేరి రాట్నాలు తిప్పి ఇంటి బట్టే కట్టుకున్నారని చెప్పింది. మన స్వదేశీ ఉద్యమం కంటే నూట నలభై ఏళ్ళ ముందు మాట ఇది, నాకు ఒళ్ళు పులకరించింది నిజంగా.

ఒక సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి. 1939లో వాషింగ్టన్‌లో వీళ్ళ కాన్‌స్టిట్యూషన్ హాల్‌లో మారియన్ ఆండర్సన్ అనే గొప్ప నల్లజాతి గాయనిని పాడనివ్వలేదు, అప్పటి ప్రెసిడెంట్ భార్య ఎలినోర్ రూజ్‌వెల్ట్ అందుకు నిరసనగా మెంబర్‌షిప్ వదులుకున్నారు, ఆ ఈస్టర్ ఆదివారం ఆండర్సన్ లింకన్ మెమోరియల్ మెట్ల మీద పాడితే 75 వేల మంది వచ్చారు. మా అమ్మాయికి ఇది స్కూల్లోనే తెలుసు, వెళ్ళేముందే అడిగింది, అమ్మా వీళ్ళు వాళ్ళేనా అని. అవును అని చెప్పాను, తర్వాత 1943లో వాళ్ళే పిలిస్తే ఆవిడ అదే హాల్లో పాడిందనీ, 1977లో కేరెన్ బాచెలర్ ఫార్మర్ అనే నల్లజాతి ఆవిడ మెంబర్ అయ్యిందనీ కూడా చెప్పాను. ఇప్పుడు నల్లవాళ్ళు, నేటివ్ అమెరికన్లు యుద్ధంలో చేసిన సేవ మీద వీళ్ళు రిసెర్చ్ చేసి పేర్లు బయటికి తీస్తున్నారు, అది మంచి పని. ఆ పాత తప్పు కూడా పిల్లలకి తెలియాలి, రెండూ తెలిసే వెళ్ళాలి అని నా అభిప్రాయం.

ఇక కార్యక్రమం. ఓపెనింగ్ నైట్ జెండాలతో ఊరేగింపు, తెల్ల డ్రెస్సులేసుకున్న యంగ్ మెంబర్లు, వాళ్ళని పేజెస్ అంటారు, ముందు నడుస్తూ దారి చూపించడం, ఆఫీసర్లు సాష్‌లు వేసుకుని వెనక రావడం, చూడముచ్చటగా ఉంది. తర్వాత ప్రార్థన, ప్లెడ్జ్, జాతీయ గీతం. శనివారం పొద్దున బిజినెస్ మీటింగ్‌లో కమిటీ రిపోర్టులు చాలాసేపు చదివారు, గెస్టులు దానికి ఉండక్కర్లేదు. నన్ను కదిలించింది మెమోరియల్ సర్వీస్. ఆ ఏడాది పోయిన మెంబర్ల పేర్లు ఒక్కొక్కటీ చదువుతుంటే హాలంతా నిశ్శబ్దం.

లంచ్‌లో మా అమ్మాయిని స్టేజి మీదకి పిలిచి మెడల్ వేసి ఎస్సే చదవమన్నారు. పేరు ఎలా పలకాలో ముందురోజే ఒకావిడ వచ్చి మూడుసార్లు అడిగి కాగితం మీద రాసుకుంది, స్టేజి మీద అక్షరం పొల్లుపోకుండా పలికింది. ఇరవై ఏళ్ళుగా మా పేర్లు విరిచి పిలిచే దేశంలో ఇది చిన్న విషయం కాదు. మా అమ్మాయి ఎస్సే చదవడం అయ్యాక అందరూ లేచి చప్పట్లు కొట్టారు, మా ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశా.

హోటల్ గురించి మాత్రం కంప్లైంట్ ఉంది, పేరు రాయను. వెజిటేరియన్ అని రెండు వారాల ముందే చెప్పినా బాంక్వెట్‌లో ఉడకబెట్టిన క్యారెట్, బ్రకోలీ ప్లేట్‌లో పెట్టి తెచ్చారు, ఉప్పు కూడా లేదు, మా అమ్మాయికైతే చికెన్ ప్లేటే తెచ్చారు, అది వెనక్కి పంపి బ్రెడ్ రోల్ తిని పడుకుంది. హాల్లో ఏసీ ఎంత చల్లగా పెట్టారంటే చీర మీద స్వెటర్ వేసుకోక తప్పలేదు. పార్కింగ్‌కి రోజుకి వేరే డబ్బులు, బుకింగ్‌లో ఆ మాటే లేదు. లంచ్ టికెట్లు మాత్రం మాకు చాప్టర్ వాళ్ళే కొనిపెట్టారు, అడక్కముందే.

వెళ్ళేవాళ్ళకి: పగలు చర్చికి వెళ్ళేలాంటి బట్టలు, రాత్రి బాంక్వెట్‌కి గౌన్లు వేస్తారు, పట్టుచీర భేషుగ్గా సరిపోతుంది. శాలువా తీసుకెళ్ళండి. పిల్లలకి బ్యాగ్‌లో పులిహోరో చపాతీలో పెట్టుకోండి. ఎస్సే కాంటెస్ట్ అయిదు నుంచి ఎనిమిదో గ్రేడ్ దాకా, హైస్కూల్ వాళ్ళకి వేరే ఉంది, హోమ్‌స్కూల్ పిల్లలు కూడా రాయొచ్చు, దానికి ఈ వంశం గొడవేం అక్కర్లేదు. స్కూల్ తెరవగానే సోషల్ స్టడీస్ టీచర్‌ని అడగండి, టీచర్‌కి తెలీకపోతే మీ ఊరి చాప్టర్‌కే మెయిల్ పెట్టండి, మాకు మర్నాడే రిప్లై వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు కార్లోంచే అమ్మకి ఫోన్ చేసి, అమ్మమ్మ వాళ్ళమ్మ పుట్టింటి పేరేంటని అడిగాను. అమ్మకి గుర్తు రాలేదు, టెక్కలిలో పెద్దమ్మని అడిగి చెప్తానంది. మా అమ్మాయి వెనక సీట్లో మెడల్ పక్కన పెట్టి నోట్‌బుక్‌లో గళ్ళు గీసుకుని రెడీగా ఉంది.