పురుగుమందు కొట్టేటప్పుడు వేసుకునే కిట్టు: మూడు సీజన్లు వాడినాక

మాది ఎమ్మిగనూరు పక్కన పల్లె. ఆరెకరాల చేను, నాలుగెకరాలు పత్తి, రెండెకరాలు బోరు కింద మిరప. పురుగుమందు కొట్టేటప్పుడు ఒంటికి వేసుకునే కిట్టు కొని మూడు సీజన్లయింది. ఊళ్లో "పనికొస్తుందాప్పా?" అని అడుగుతుంటారు. ఒక్క ముక్కలో చెప్పలేను. ఎందుకంటే కిట్టు పేరుతో అమ్మేదాంట్లో ఐదారు వస్తువులుంటే ఒకటి ప్రాణం కాపాడుతుంది, ఒకటి శుద్ధ దండగ, మిగతావి వాడే మనిషిని బట్టి, ఆ మనిషికి కూలి ఎట్లా లెక్కగడుతున్నామన్న దాన్ని బట్టి. కూలి సంగతి తర్వాత చెప్తా.

పదిహేనేళ్లు నేనూ అందరిలాగే లుంగీ ఎగ్గట్టి, మూతికి టవలు చుట్టి కొట్టినోడినే. 2017లో యవత్మాల్‌లో పత్తికి మందు కొట్టినోళ్లు 20 మందికి పైగా చనిపోయారని టీవీలో చూసినప్పుడు కూడా అదేదో మహారాష్ట్ర సంగతి అనుకున్నా. తర్వాత మా చేన్లోనే అయింది. మాకు కూలికి మందు కొట్టే మా వీధి మామ ఒకాయన పొద్దున ఏడింటి నుంచి కొడుతూ పదకొండుకి గట్టు మీద కూలబడ్డాడు. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, కళ్లు మసకేస్తున్నాయంటాడు. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పట్టబోయాం. ఆస్పత్రిలో డాక్టరు కంట్లో టార్చి వేసి, నన్నూ చూడమన్నాడు. కంటిపాప ఆవగింజంత అయిపోయింది. "ఏం మందు కొట్టాడు, సీసా తెచ్చారా?" అన్నాడు. తేలేదు. రెండు మందులు కలిపి కొట్టాం, పేర్లు కూడా సరిగ్గా నోటికి రాలేదు, మా తమ్ముడు మళ్లీ బండేసుకుని చేనికి పోయి సీసాలు పట్టుకొచ్చాడు. మోనోక్రోటోఫాస్ లాంటి ఫాస్ఫరస్ జాతి మందులు నరాల దగ్గర పనిచేసే ఒక ఎంజైమును కట్టేస్తాయంట, చొంగ, చెమట, కంటిపాప చిన్నదవడం అన్నీ దానివల్లే. అట్రోపిన్ ఇంజెక్షన్లతో మనిషి తేరుకున్నాడు. అప్పటినుంచి సీసా మూత తీసే ముందు లేబులు ఫోటో తీసి పెట్టుకుంటున్నా, ఇది పైసా ఖర్చు లేని పని.

మామ మంచం పక్కన కూచునే మొదటి కిట్టు ఫోన్లో కొన్నా, 650 రూపాయలకు. బొమ్మలో చూస్తే అంతరిక్షానికి పోయేవాడిలా ఉంటాడు. వచ్చినవి పల్చటి గ్లౌజులు, గుడ్డ మాస్కు, కళ్లజోడు, ప్లాస్టిక్ ఏప్రాన్, టోపీ. గ్లౌజులు రెండో వారానికే బొటనవేలు దగ్గర చిరిగాయి. మాస్కులోంచి మొదటి రోజే వాసన కొట్టింది. గుడ్డ మాస్కు తుంపరను కాస్త ఆపుతుందేమో గానీ మందు ఆవిరిని ఆపదు, దానికి లోపల ఆవిరిని పీల్చే బొగ్గు (యాక్టివేటెడ్ కార్బన్) నింపిన క్యాట్రిడ్జి అనే డబ్బీ కావాలి. ఇంక కిట్టు అనే మాట వదిలేసి, కర్నూలులో వెల్డింగు సామాన్లు అమ్మే షాపులో ఒక్కొక్కటి విడిగా కొన్నా.

అన్నిటికంటే ముందు గ్లౌజులు. నైట్రైల్ అనే రబ్బరువి అడగండి, మందంగా, మోచేతి దాకా వచ్చేవి, నాకు జత 190 పడింది. లోపల బట్ట లైనింగు ఉన్నవి వద్దు, ఆ బట్ట ఒకసారి మందు పీల్చిందంటే ఎంత కడిగినా పోదు. మనమంతా కొట్టేటప్పుడే ప్రమాదం అనుకుంటాం గానీ, కలిపేటప్పుడు చూడండి. లీటరు నీళ్లకు 2 మి.లీ. కలిపే మందైతే సీసాలో ఉన్నది వీపున మోసే ట్యాంకులో ఉన్నదానికంటే 500 రెట్లు చిక్కన. మూతతో కొలిచి పోస్తాం కదా, పోసిన ప్రతిసారీ సీసా మెడ మీది మర గాట్ల వెంబడి ఒక చుక్క జారి చూపుడు వేలికి అంటుతుంది. అదే వేలితో చెమట తుడుచుకుంటాం, బీడీ వెలిగిస్తాం. నేను గ్లౌజు వేసుకున్న మొదటి రోజు ఆ చుక్కను ఊరికే చూస్తూ నిలబడ్డా. పదిహేనేళ్లుగా పడుతున్న చుక్కే, ఆకుపచ్చ రబ్బరు మీద పడ్డాక గానీ కంటికి ఆనలేదు.

గ్లౌజుల్లో కూడా తప్పు చేశా. చొక్కా చేతులు గ్లౌజులోకి దోపుకుని మిరపకు కొడితే, చేతి మీద జారిన మందు నీళ్లు నేరుగా గ్లౌజులోకే దిగాయి. చెయ్యి కిందికి పెట్టి కొట్టేటప్పుడు చొక్కా పైన ఉండాలి, గ్లౌజు లోపల. చెయ్యి పైకెత్తి కొట్టేటప్పుడు తిరగేయాలి. ఇది అనంతపురం వైపు చీనీ (బత్తాయి) తోట ఉన్న మా బావ చెప్పాడు, చెట్లకు కొట్టాలి కాబట్టి వాళ్లకు మందు కొట్టే గన్ను ఎప్పుడూ పైకే కదా. తీసే ముందు గ్లౌజులను చేతికి ఉండగానే సబ్బుతో కడగాలి, లేకపోతే తీసే చేతికి అంటుతుంది.

మాస్కు, రెండు పక్కలా క్యాట్రిడ్జీలు ఉండేది, 1,250. పనిచేస్తుంది, వాసనే రాదు. కానీ మొదటి ఏడు దాన్ని కొట్టంలో మందు సీసాల పక్కనే మేకుకు తగిలించా. కార్బన్ గాలిలో ఉన్నంతసేపూ పీలుస్తూనే ఉంటుందని ఎవడికి తెలుసు, నెలన్నరకే వాసన మొదలైంది, కొత్త జతకు 480 వదిలింది. ఇప్పుడు వాడగానే తుడిచి, గట్టి మూత ఉన్న డబ్బాలో పెడుతున్నా. గడ్డం ఉంటే మొహానికి అతుక్కోదు, సందుల్లోంచి గాలి దూరుతుంది, కాబట్టి మందు రోజు గడ్డం గీసుకోవాల్సిందే. మామకు ఇస్తే పది నిమిషాలకు లాగేసి "మందు సంగతి దేవుడెరుగు, దీంతో ఊపిరాడక పోతాను" అన్నాడు. సెప్టెంబరు ఎండలో ఆయన మాట కూడా అబద్ధం కాదు.

కళ్లజోడు ఆవిరి పడుతుంది, పక్కన రంధ్రాలున్నది కొంత నయం. బూట్లు మంచివే, ప్యాంటు మాత్రం బూటు పైనుంచి రావాలి, లోపలికి దోపితే గరాటే. అయితే వాన పడ్డ నల్లరేగడిలో ఒక్కో కాలికి మట్టి అంటుకుని అడుగు తీయలేం, ఆ రోజు అసలు కొట్టకపోవడమే మేలు.

ఏప్రాన్ దగ్గర నవ్వొస్తుంది. ముందుకు కట్టుకోమని బొమ్మలో ఉంటుంది. మన ట్యాంకు కారేది వీపు మీదికి. మూత వాషరు అరిగినా, కొంచెం వంగినా మందు నీళ్లు నడుము దాకా దిగి బనీను తడుస్తుంది, చెమటకు తడిసిన చర్మం మందును లోపలికి ఇంకా ఎక్కువ లాగుతుంది. అందుకని ఏప్రాన్ తిప్పి వెనక్కి కట్టుకుంటున్నా. పత్తి నడుమెత్తు అయినాక తొడలు తడుస్తాయి కాబట్టి కింద రెయిన్‌కోటు ప్యాంటు. చూసేవాళ్లకు కోతివేషంలా ఉంటుంది, ఉండనీ. 30 రూపాయల కొత్త వాషరు మాత్రం ప్రతి సీజనూ మొదట్లోనే వేయించండి.

ఇంక కూలి సంగతి. ఇన్ని కొన్నా మొదటి ఏడు మామ ఒక్కటీ సరిగ్గా వాడలేదు. మొండితనం అనుకున్నా, కాదు. మా దగ్గర ట్యాంకు లెక్కన కూలి. ముదిరిన పత్తికి ఎకరాకు 200 లీటర్లు, అంటే 16 లీటర్ల ట్యాంకులు పన్నెండు పదమూడు. ట్యాంకుకు ఇంత అన్నాక మనిషి పరిగెత్తడా? గ్లౌజులు కడిగి, తీసి, నీళ్లు తాగి, మళ్లీ వేసుకునే ఐదు నిమిషాలూ ఆయన జేబులోంచి పోయినట్టే. గాలి తిరిగినా ఆగడు, మందు చిమ్మే నాజిల్‌కు అడ్డం పడితే విప్పి నోటితో ఊదేస్తాడు, పదకొండైనా ఇంకో రెండు ట్యాంకులంటాడు. పోయినేడు నుంచి పూట కూలికి మార్చా. ఆరింటికి మొదలు, తొమ్మిదిన్నరకు బంద్, ఎన్ని ట్యాంకులైనా కాకపోయినా ఒకటే డబ్బు. ఒక్క పొద్దులో అయ్యే పని రెండు పొద్దులు పడుతోంది, ఒక్కో కొట్టుడికి నాకు మూడు నాలుగొందలు ఎక్కువ అవుతోంది. కానీ గ్లౌజులు వేసుకోమని ఎవరూ చెప్పకుండానే మామ వేసుకుంటున్నాడు. చలికాలంలో ఆకు మీద మంచు ఆరేదాకా కొట్టలేం, అప్పుడు సాయంత్రానికి మారుస్తాం.

ఇంకొకటి నాకు ఆలస్యంగా వెలిగింది. నీళ్లు మోసేది, ట్యాంకులో పోసేది, మర్నాడు అదే చేన్లో కలుపు తీసేది ఆడోళ్లు. ట్యాంకు నిండినప్పుడు పొంగేది వాళ్ల కాళ్ల మీదికే. మా పనికొచ్చే అక్క ఒకామె బిందె దించి "నీకేమో ఏనుగు తొండం మాస్కు, మాకు చీర చెంగా?" అనింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంకో రెండు జతల గ్లౌజులు తెచ్చా గానీ షాపుల్లో అన్నీ మగవాళ్ల సైజే, ఆమె వేళ్ల కొసలు ఖాళీగా వేలాడుతుంటాయి. చిన్న సైజు ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి. కలుపు మాత్రం ఇప్పుడు లేబుల్‌లో రాసిన రోజులు గడిచేదాకా తీయించడం లేదు. సీసాతో వచ్చే కరపత్రంలో తెలుగు ఉంటుంది కానీ చీమకాళ్ల అక్షరాలు, ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసి చదవాలి.

సీసా మీద డైమండు గుర్తులో కింది త్రికోణం రంగు కూడా చూస్తున్నా ఇప్పుడు. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపుది అంగట్లో ఎవరు చేతిలో పెట్టినా తీసుకోవడం మానేశా. ఆకుపచ్చ అంటే తాగొచ్చని కాదు, దానికీ గ్లౌజులు కావాలి.

ఇంటికొచ్చే ముందే బోరు దగ్గర సబ్బుతో స్నానం. మందు బట్టలకు వేరే బకెట్టు. అంతకుముందు మా ఆవిడ వాటిని పిల్లల యూనిఫారంతో కలిపే నానబెట్టేది, పాపం ఆమెకు మేం చెప్పిందెప్పుడు?

మళ్లీ కొనాల్సి వస్తే గ్లౌజులు, వాషరు మొదట, డబ్బులుంటే మాస్కు. ఏప్రాన్ బదులు పాత రెయిన్‌కోటు చాలు. పోయిన వారం మామ వేరేవాళ్ల చేనికి పోతూ నా గ్లౌజులు అడిగి పట్టుకుపోయాడు. అక్కడ ఇంకా ట్యాంకు లెక్కే. ఇంతవరకు తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు.