తనంతట తాను ఆగిపోయే పవర్ స్టేషన్: ఎలక్ట్రిక్ సైకిళ్లతో మూడేళ్ల క్యాంపింగ్ తరువాత

మాకు రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు, పెద్దమ్మాయి తొక్కే మామూలు సైకిలు ఒకటి, నా సైకిలు వెనుక చిన్నవాడి సీటు ఒకటి ఉన్నాయి. మూడేళ్లుగా సెలవులు దొరికినప్పుడల్లా వీటిని కారు వెనుక స్టాండుకు కట్టుకుని, గుడారం వేసుకునే చోట్లకు వెళ్తున్నాం. సైకిళ్ల ఛార్జింగ్ కోసం కొన్న 1,024 వాట్-అవర్ల పవర్ స్టేషన్ (సాకెట్లున్న, వెంట తీసుకెళ్లగల పెద్ద బ్యాటరీ పెట్టె) చాలా బాగుందని మొదటి ఏడాది చివర అడిగినవారందరికీ చెప్పాను. ఆ మాటను పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు. అయితే అందులో ఉన్న ఎకో మోడ్ అనే ఒక్క ఏర్పాటు మీద నాకు కలిగిన కోపం ఏడాదిన్నర గడిచినా తగ్గలేదు కనుక, ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

ఎకో మోడ్ ఉద్దేశం మంచిదే. పవర్ స్టేషన్‌లోని ఇన్వర్టరు, అంటే బ్యాటరీ కరెంటును ఇంటి సాకెట్లో వచ్చేలాంటి కరెంటుగా మార్చే భాగం, దానికి ఏమీ తగిలించకపోయినా, ఆన్‌లో ఉన్నంతసేపు తన కోసం కొంత కరెంటు వాడుకుంటుంది. మా యంత్రం దాదాపు 15 వాట్లు తీసుకుంటుంది. పది గంటలు అలా వదిలేస్తే 150 వాట్-అవర్లు వృథా అవుతాయి. చిన్నవాణ్ణి కూర్చోబెట్టుకుని తొక్కే నా సైకిలుకు చదును దారిలో కిలోమీటరుకు సుమారు 10 వాట్-అవర్లు ఖర్చవుతాయి కాబట్టి, ఆ వృథా నాకు 15 కిలోమీటర్ల ప్రయాణంతో సమానం. ఈ నష్టం జరగకుండా, బయటికి వెళ్లే కరెంటు ఒక హద్దు కంటే తక్కువగా రెండు గంటలపాటు ఉంటే, ఎకో మోడ్ ఇన్వర్టరును ఆపేస్తుంది. ఆపిన తరువాత మళ్లీ మనం మీట నొక్కేదాకా అది లేవదు. నా కోపానికి కారణం ఈ చివరి లక్షణమే.

అది మమ్మల్ని ఎలా దెబ్బతీసిందో చెప్పాలంటే, బ్యాటరీలను కారులో ఎందుకు ఛార్జ్ చేయడం మొదలుపెట్టామో ముందు చెప్పాలి. గుడారంలో నిద్రపోతూ పక్కనే లిథియం బ్యాటరీని ఛార్జింగులో పెట్టడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. అక్కడ మంట పుడితే పిల్లలతో బయటపడడానికి ఉండేది ఒక్క జిప్పే. స్నానాల గదుల దగ్గరి సాకెట్లలో పెట్టి వదిలి వస్తే, సైకిలులో అన్నిటికంటే ఖరీదైన భాగాన్ని దారిన పోయేవారి చేతికి అందించినట్లే. అందుకని రాత్రి కాగానే రెండు బ్యాటరీలనూ తాళంచెవితో విప్పి, కారు డిక్కీలో పవర్ స్టేషన్ పక్కన పెట్టి, ఛార్జర్లు తగిలించి, పైమూత లాగి, కారుకు తాళం వేసేవాళ్లం. బ్యాటరీ లేని ఎలక్ట్రిక్ సైకిలు దొంగకు బరువు తప్ప పెద్దగా లాభం లేని వస్తువు. బ్యాటరీలు ఎవరికంటా పడవు. కాపలా, ఛార్జింగ్ రెండూ ఒక్క తాళంతో తీరిపోయాయన్న నిశ్చింతతోనే మొదటి ఏడాది అంత గొప్పగా చెప్పాను. అయితే దొంగల కంటికి కనబడకుండా దాచినది మా కంటికీ కనబడదన్న సంగతి అప్పట్లో నాకు తట్టలేదు.

రెండో ఏడాది శరదృతువు చివర, కొంచెం ఎత్తైన చోట మూడు రాత్రులు ఉండాలని వెళ్లాం. రెండో రోజు సాయంత్రం ఐదింటికి సైకిళ్లమీద తిరిగి వచ్చేసరికి రెండు బ్యాటరీలలోనూ దాదాపు 40 శాతం మిగిలి ఉంది. చిన్నవాడికి జలుబు చేసి ఆయాసం రావడంతో వాడికి ఆవిరి పట్టించడం, పడుకోబెట్టడం వంటి పనుల్లో పడి బ్యాటరీల మాటే మరిచిపోయాం. పదింటికి గుర్తొచ్చి బయటికి వెళ్లేసరికి సైకిలు సీట్ల మీద మంచు పేరుకుని ఉంది. చలికి చేతులు కొంకర్లు పోతుండగా బ్యాటరీలు విప్పి, డిక్కీలో పెట్టి, ఛార్జర్లు తగిలించాను. వాటి దీపాల వెలుగు అద్దంలోంచి బయటికి కనబడకుండా ఒక తువాలు కప్పి, తలుపు మూసి వచ్చేశాను. వేడెక్కే ఛార్జరు మీద గుడ్డ కప్పడం తప్పని ఇప్పుడు తెలుసు. ఆ రాత్రి మాత్రం వేడెక్కేంత పని వాటికి పడనే లేదు.

మర్నాడు తొమ్మిదిన్నరకు తువాలు తీసి చూస్తే ఛార్జర్ల దీపాలు ఆరి ఉన్నాయి. పవర్ స్టేషన్ తెర కూడా నల్లగా ఉంది. ఛార్జింగ్ ముగిసి అన్నీ ఆగిపోయాయని అనుకుని, బ్యాటరీలను సైకిళ్లకు బిగించాను. హ్యాండిల్ దగ్గరి తెర ఐదు గీతలకు రెండే చూపింది. చలిలో బ్యాటరీ ఓల్టేజీ తగ్గి, ఉన్న ఛార్జి కంటే తక్కువ కనిపించడం నిజంగానే జరుగుతుంది కాబట్టి, కాసేపు తొక్కితే సర్దుకుంటుందిలే అని ఇద్దరం సరిపెట్టుకున్నాం.

చెరువు వరకు 11 కిలోమీటర్ల దారి దాదాపు అంతా పల్లమే కావడంతో ఏ ఇబ్బందీ తెలియలేదు. తిరుగు ప్రయాణంలో అదే దారి ఎత్తు. ఇంకా ఐదు కిలోమీటర్లు ఉందనగా నా సైకిలు మోటారు ఆగిపోయింది. 25 కిలోల సైకిలు, దాని వెనుక 16 కిలోల పిల్లవాడు. వాణ్ణి దించి నడిపిస్తే కొద్దిసేపటికే రొప్పడం మొదలుపెట్టాడు. ముందురోజు రాత్రి ఆయాసపడిన పిల్లవాణ్ణి చలిగాలిలో కొండదారిన నడిపించాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. వాణ్ణి మళ్లీ సీటులో కూర్చోబెట్టి, మావారు నా సైకిలును తోస్తూ నడిచారు. ఆయన సైకిలు నేను తీసుకున్నాను, అది కూడా చివరి రెండు కిలోమీటర్లలో ఆగిపోయింది. మామూలు సైకిలు తొక్కే పెద్దమ్మాయి అందరికంటే ముందు గుడారం చేరి, డిక్కీలో పవర్ స్టేషన్ ఆన్ చేసి చూసి, మేము రాగానే అడిగింది: “అమ్మా, ఇది ఇంకా 96 శాతం చూపిస్తోంది. రాత్రి బ్యాటరీలకు ఏం ఇచ్చినట్టు?”

జరిగినది తరువాత తీరిగ్గా ఆలోచిస్తే తెలిసింది. లిథియం-అయాన్ కణాలను సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఛార్జ్ చేస్తే, లిథియం లోపలి గ్రాఫైట్ పొరల్లోకి చేరకుండా పైనే లోహంగా పేరుకుంటుంది. ఆ నష్టం మళ్లీ సరికాదు, అది ముదిరితే బ్యాటరీ లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. అందుకే చాలా బ్యాటరీలలోని రక్షణ సర్క్యూట్ అంత చలిలో ఛార్జింగును ఒప్పుకోదు. ఐదు గంటలు మంచులో ఉన్న మా బ్యాటరీలు ఒప్పుకోలేదు. బ్యాటరీ చేసినది సరైన పని, దానిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఛార్జర్లు మాత్రం ఒకటి రెండు వాట్లు తీసుకుంటూ ఎదురుచూశాయి. అంత తక్కువ వాడకాన్ని చూసి, తన అవసరం తీరిపోయిందని ఎకో మోడ్ అర్ధరాత్రి ఇన్వర్టరును ఆపేసింది. అది ఆపకుండా ఉండి ఉంటే, ఉదయం ఎండ తగిలి కారు వెచ్చబడ్డాక ఛార్జింగ్ తనంతట తానే మొదలయ్యేది, మేము కూడా వెలుగుతున్న దీపాలు చూసి మధ్యాహ్నం దాకా ఆగేవాళ్లం. 150 వాట్-అవర్లు మిగల్చాలన్న పొదుపు మా రోజంతటినీ పాడుచేసింది.

ఇంకొక విషయం కూడా అప్పుడే తెలిసింది. రాత్రి తువాలు కప్పకుండా ఛార్జర్ల దీపాలు చూసి ఉన్నా నేను మోసపోయేదాన్నే. మా ఛార్జర్ల మీద ఎర్రదీపం ఉంటే కరెంటు వెళ్తోందని, ఆకుపచ్చ ఉంటే వెళ్లడం లేదని మాత్రమే అర్థం. నిండిపోయినా ఆకుపచ్చే, బ్యాటరీ వద్దన్నా ఆకుపచ్చే. ఇలాంటి ఛార్జర్లు వాడేవారు దీపాన్ని కాక, పవర్ స్టేషన్ తెరమీద బయటికి ఎన్ని వాట్లు వెళ్తున్నాయో చూడాలి. మాలాంటి 36 ఓల్టుల బ్యాటరీకి 2 ఆంపియర్ల ఛార్జరు సరిగ్గా పనిచేస్తుంటే అక్కడ 90కి అటూ ఇటూగా కనబడాలి.

ఎకో మోడ్‌ను ఆపుకునే వీలు ఉంది కదా అని అడిగేవారికి నా జవాబు కొంచెం పొడవుగానే ఉంటుంది. వీలు ఉంది, కానీ యంత్రం మీద దానికి మీట లేదు. ఫోనులో యాప్ తెరిచి, బ్లూటూత్ కలిపి, మూడు తెరలు దాటి వెళ్లాలి. అంతా చేశాక, పవర్ స్టేషన్‌ను ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఎకో మోడ్ తిరిగి వచ్చి కూర్చుంటుంది. మూడేళ్లలో యంత్రం సాఫ్ట్‌వేర్ ఎన్నోసార్లు మారింది, ఈ ఒక్కటీ మారలేదు. తయారీదారుకు రెండుసార్లు రాశాను. విద్యుత్తు ఆదా కోసమే అలా ఉంచామని జవాబు వచ్చింది. ఆదా వద్దని నేను కోరలేదు, నేను ఎంచుకున్నది యంత్రం గుర్తుపెట్టుకోవాలని కోరాను.

ఇక యంత్రం సామర్థ్యం గురించి. మా బ్యాటరీ ఒక్కొక్కటి 36 ఓల్టులు, 14 ఆంపియర్-అవర్లు, అంటే 504 వాట్-అవర్లు. రెండూ కలిపి 1,008 కాబట్టి, 1,024 ఉన్న పవర్ స్టేషన్ రెండింటినీ నింపుతుందని లెక్కవేసి కొన్నాం. ఆ లెక్క తప్పు. ఇన్వర్టరు దగ్గర కొంత, ఛార్జరు దగ్గర కొంత వేడిగా పోగా, మా చేతికి వచ్చేది ఒకటిన్నర బ్యాటరీ మాత్రమే. రోజూ సగమే వాడేవారికి రెండు సైకిళ్లకూ ఒకసారి సరిపోతుంది, రెండింటినీ పూర్తిగా ఖాళీ చేసేవారికి చాలదు. పవర్ స్టేషన్‌ను తిరిగి నింపే 200 వాట్ల సోలార్ ప్యానెల్ నుంచి మాకు మంచి ఎండలో 130 వాట్లు వస్తున్నాయి, ఒక కొమ్మ నీడ మూలన పడితే అందులో సగం కూడా రావడం లేదు. దాన్ని ఎండకు తిప్పుతూ ఎవరో ఒకరు గుడారం దగ్గరే ఉండాలి, లేదంటే దానికీ ఒక తాళం వేయాలి.

తాళాల మాట వచ్చింది కనుక అదీ చెప్తాను. మొదట్లో కేబుల్ తాళం వాడాం. చేతిలో పట్టే కట్టరుతో అలాంటి కేబులు తెగడం చూశాక దాన్ని హెల్మెట్లకు, చిన్నవాడి సీటుకు మాత్రమే కడుతున్నాం. ఇప్పుడు 10 మిల్లీమీటర్ల గట్టిపరిచిన ఉక్కు గొలుసు వాడుతున్నాం. దాని బరువు మోయడం విసుగే కానీ మూడు సైకిళ్ల ఫ్రేములను చుట్టివచ్చే పొడవు దానికి ఉంది. చెట్లకు కట్టడం చాలాచోట్ల నిషేధం, నిషేధం లేకపోయినా బెరడు దెబ్బతింటుంది. నేలలోకి స్క్రూలా తిప్పి దించే మేకులను వచ్చినవాడు వెనక్కి తిప్పి తీసేయగలడు. అందుకే కారు వెనుక స్టాండు తగిలించే కొక్కేనికే గొలుసు బిగిస్తున్నాం. గొలుసు నేలమీద వాలకుండా ఎత్తులో ఉంచడం కూడా అవసరం, నేల ఆనుకుంటే పెద్ద కట్టరు ఒక పిడిని నేలకు ఆనించి మొత్తం బరువుతో నొక్కడానికి వీలవుతుంది. ఏ గొలుసైనా ఉక్కును కోసే గ్రైండరు ముందు ఎంతోసేపు నిలవదని తెలుసు. కాకపోతే నిద్రపోతున్న గుడారాల మధ్య అంత చప్పుడు చేసే ధైర్యం అందరికీ ఉండదన్న నమ్మకం మాది. బ్యాటరీ తాళంచెవి మీద ఉండే సంఖ్యను రాసి ఇంట్లో దాచుకోవడం మరవకూడదు. ఆ చెవి పోతే బ్యాటరీ సైకిలుకే ఉండిపోతుంది, అప్పుడు ఈ ఏర్పాట్లేవీ పనిచేయవు.

ఇప్పుడు మా పద్ధతి మారింది. సైకిలు దిగగానే, బ్యాటరీ ఇంకా వెచ్చగా ఉండగానే విప్పి, వెంటనే ఛార్జింగులో పెడుతున్నాం. పడుకునే లోపు ఆపేస్తున్నాం. ఇందుకోసం 4 ఆంపియర్ల ఛార్జరు ఒకటి కొన్నాం, అది రెండు గంటల్లో సగానికి పైగా నింపుతుంది. మిగిలినది మర్నాడు పొద్దెక్కాక, కళ్లముందు, నీడపట్టున పెడుతున్నాం. రాత్రి బ్యాటరీలు కారులోనే, తాళం వెనుక ఉంటున్నాయి, కానీ ఏ తీగా తగిలించి లేకుండా. ఎండాకాలంలో మూసిన కారులో పగటిపూట వాటిని అసలు ఉంచడం లేదు, ఆ వేడి కూడా బ్యాటరీకి చేటే. మొదటి ఏడాది నేను మెచ్చుకున్న ఏర్పాటులో తాళం మాత్రమే మిగిలింది, రాత్రంతా ఛార్జింగ్ అన్నది పోయింది.

ఈ పవర్ స్టేషన్ కొనమంటారా అని అడిగితే, మా పరిస్థితి చెప్పి ఊరుకోవడం తప్ప నేను ఎక్కువ చెప్పలేను. చిన్నవాడికి ఆవిరి పట్టే యంత్రం ఏ రాత్రి అవసరమవుతుందో తెలియదు కాబట్టి, మేము దీన్ని ఇంట్లో వదిలి వెళ్లలేం. ఆ పనిలో ఇది ఒక్కసారి కూడా విఫలం కాలేదు. అటువంటి అవసరం లేకుండా, రెండు రాత్రులకు మించి ఉండనివారికి, 12 కిలోల ఈ పెట్టె కంటే మూడు కిలోల అదనపు బ్యాటరీ ఒకటి మేలేమో అని నాకు అనిపిస్తుంది. వెచ్చని కాలంలో మాత్రమే వెళ్లేవారికి నా ఫిర్యాదు ఎప్పటికీ ఎదురుకాకపోవచ్చు. చలిలో వెళ్లేవారు కొనే ముందు ఎకో మోడ్ ఆపే మీట యంత్రం మీదే ఉందా, ఆపినది ఆపినట్టే ఉంటుందా అని అడిగి చూడండి. మావారు మాత్రం ఈ యంత్రం మార్చక్కర్లేదని అంటున్నారు. వచ్చే నెల ప్రయాణానికి పెద్దమ్మాయి తన ఫోనులో కూడా యాప్ పెట్టుకుంది, ఛార్జింగ్ మొదలైన పది నిమిషాలకు వెళ్లి వాట్లు చూసి రావడం తన పని అని తనే చెప్పింది.